సముద్రంలో దారి తెలుసుకోవడం నేర్పాలంటే ఏ పద్ధతితో మొదలుపెట్టాలి?

సముద్రం మీద తామెక్కడున్నారో, ఎటు వెళ్లాలో తెలుసుకునే విద్యను విద్యార్థులకు నేర్పాలనుకునే ఉపాధ్యాయుడి ముందు నాలుగు దారులున్నాయి. పసిఫిక్ దీవుల నావికుల మాదిరిగా ఏ ఉపకరణమూ లేకుండా నక్షత్రాలను, కెరటాలను, పక్షులను చదువుకుంటూ వెళ్లడం మొదటిది. చార్టు (సముద్ర పటం), దిక్సూచి, గడియారం పెట్టుకొని, నడిచిన దిశనూ వేగాన్నీ బట్టి స్థానాన్ని లెక్కకట్టడం రెండోది. దీన్నే నావికులు డెడ్ రెకనింగ్ అంటారు. సెక్స్‌టెంట్ అనే కోణమాపకంతో క్షితిజం నుంచి సూర్యుడి ఎత్తునో నక్షత్రాల ఎత్తునో కోణంగా కొలిచి అక్షాంశ రేఖాంశాలు తేల్చడం మూడోది. ఉపగ్రహాలు, ఎలక్ట్రానిక్ చార్టు, రాడార్ చెప్పినదాన్ని చదువుకోవడం నాలుగోది. బోధనకు దొరికే గంటలు ఎక్కడైనా తక్కువే కాబట్టి, ఈ నాలుగింటినీ ఒకే లోతులో నేర్పడం ఎవరికీ సాధ్యం కాదు. ఏది ముందు, ఏది ఎంతవరకు, ఏది కేవలం పరిచయంగా అన్నది తేల్చుకోవలసిందే.

చర్చ సాధారణంగా 'సంప్రదాయమా, ఆధునికమా' అన్న రెండు వైపుల మధ్యే తిరుగుతుంది. ఆ విభజన బోధనకు పెద్దగా ఉపయోగపడదని నా అభిప్రాయం. డెడ్ రెకనింగ్ ఆ రెండింటిలో దేనికీ చెందదు. అన్నిటికీ అడుగున ఉంటుంది. పసిఫిక్ నావికుడు మనసులో చేసేదీ, జీపీఎస్ పరికరం సంకేతం పోయినప్పుడు చేసేదీ ఆ లెక్కే.

ఎంచుకునే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు

మొదటి ప్రశ్నకే నేను ఎక్కువ బరువు ఇస్తాను. ఈ పద్ధతి నేర్చుకున్న విద్యార్థి 'నేను ఇక్కడ ఉన్నాను' అనడంతో ఆగకుండా, 'నా లెక్క ఇంతవరకు తప్పి ఉండవచ్చు' అని కూడా చెప్పగలుగుతాడా? సముద్రం మీద మన స్థానాన్ని చుక్కగా కాక వలయంగా ఊహించుకోవాలి. గుర్తులేవీ కనబడకుండా గడిచే ప్రతి గంటకూ ఆ వలయం పెద్దదవుతుంది. ఒక దీపస్తంభం కనబడగానే, ఒక నక్షత్రం ఎత్తు కొలవగానే చిన్నదవుతుంది. ఈ పెరగడం, తగ్గడం మనసుకు పట్టిన విద్యార్థి చేతికి ఏ పరికరం ఇచ్చినా జాగ్రత్తగా వాడతాడు. అది పట్టని విద్యార్థి ఎంత కచ్చితమైన పరికరాన్నైనా గుడ్డిగా నమ్ముతాడు.

ఆ నమ్మకం ఎక్కడికి తీసుకువెళుతుందో 1995 జూన్‌లో రాయల్ మెజెస్టీ అనే ప్రయాణికుల నౌక ఉదంతం చూపించింది. బెర్ముడా నుంచి బోస్టన్‌కు బయలుదేరిన కొద్దిసేపటికే ఆ నౌక జీపీఎస్ యాంటెన్నా తీగ ఊడిపోయింది. ఉపగ్రహాల సంకేతం అందక, పరికరం దిశనూ వేగాన్నీ బట్టి తానే స్థానాన్ని అంచనా వేస్తూ పోయింది. ఆ సంగతి తెర మీద చిన్న అక్షరాల్లో ఉన్నా సుమారు 34 గంటలపాటు ఎవరి కంటా పడలేదు. చివరికి నౌక అనుకున్న దారి నుంచి 17 నాటికల్ మైళ్లు (సముద్రపు మైళ్లు, ఇకపై మైలన్నా ఇదే) పక్కకు జరిగి, నాన్‌టకెట్ దీవికి తూర్పున ఇసుక తిన్నె ఎక్కింది. 34 గంటల్లో 17 మైళ్లంటే గంటకు అర మైలు. గాలీ ప్రవాహమూ కలిసి ఏ నౌకనైనా నెట్టే మామూలు మోతాదు అది. నౌక మీద స్థానం చెప్పే మరో పరికరం ఉంది, లోతు కొలిచే సాధనం ఉంది, రాడార్ ఉంది. ఒక దారిన వచ్చిన జవాబును మరో దారిన సరిచూసుకోవడం మాత్రం జరగలేదు. విద్యార్థులకు ఈ ఉదంతాన్ని మొదటి రోజే చెప్పి, ఆ 34 గంటలనూ చార్టు మీద గీయించడం మంచి పాఠం.

మిగిలిన ప్రశ్నలు సూటిగా ఉంటాయి. విద్యార్థి ఈ విద్యతో రేపు ఏం చేయబోతున్నాడు: నౌకాధికారి అవుతాడా, చిన్న తెరచాప పడవ నడుపుతాడా, లేక భూగోళాన్నీ ఆకాశాన్నీ అర్థం చేసుకోవడానికి నేర్చుకుంటున్నాడా? సముద్రం, చీకటి ఆకాశం అందుబాటులో ఉన్నాయా? మొదటి ఫలితం కనబడేవరకు విద్యార్థి ఓపిక పడతాడా? చివరిగా, ఉపాధ్యాయుడు తాను ఎప్పుడైనా ఆ పద్ధతితో ఒక స్థానం కనుగొన్నాడా? ఈ చివరి ప్రశ్నకు నిజాయితీగా 'లేదు' అన్న జవాబు వస్తే, ముందు తాను నేర్చుకొని ఆపైన బోధించాలి. చదివి మాత్రమే తెలుసుకున్న సెక్స్‌టెంట్ పాఠం మొదటి ప్రశ్నకే తడబడుతుంది.

| చూడవలసినది | ఉపకరణాలు లేని పద్ధతి | చార్టు, దిక్సూచి, లెక్క | సెక్స్‌టెంట్ | ఎలక్ట్రానిక్ పరికరాలు |
|---|---|---|---|---|
| మొదటి ఫలితం | దిశ తెలియడానికి కొన్ని రాత్రులు. దీవిని చేరడానికి ఏళ్లు | కొన్ని గంటలు | కొన్ని వారాలు | కొన్ని నిమిషాలు |
| కచ్చితత్వం | ఒక దీవుల వరుసను పట్టుకోగలిగేంత | దూరం పెరిగేకొద్దీ తగ్గుతుంది | చేయి తిరిగినవారికి ఒకటి రెండు మైళ్లు | కొన్ని మీటర్లు |
| సముద్రానికి దూరంగా నేర్పగలమా | ఆకాశానికి సంబంధించినంతవరకే | దాదాపు పూర్తిగా | కృత్రిమ క్షితిజంతో చాలావరకు | సిమ్యులేటర్ ఉంటే |
| ఆధారపడేది | ఎడతెగని ధ్యాస, కనబడే ఆకాశం | సరైన దిశ, వేగం, ప్రవాహ జ్ఞానం | క్షితిజం, సరైన సమయం, నావికా పంచాంగం | విద్యుత్తు, సంకేతం |
| తప్పు బయటపడే తీరు | గుర్తులు ఒకదానితో ఒకటి పొసగవు | తీరం కనబడినప్పుడు తేడా తెలుస్తుంది | ఒక్కో కొలతను బట్టి చార్టు మీద గీసిన గీతలు ఒకచోట కలవవు | తరచుగా బయటపడదు |

పట్టికలో చివరి వరుసను ఒకటికి రెండుసార్లు చదవమని కోరుతున్నాను. నాలుగో పద్ధతి అన్నిటికంటే కచ్చితమైనది; తన తప్పును అన్నిటికంటే మౌనంగా దాచుకునేదీ అదే.

ఉపకరణాలు లేని పద్ధతి

1976లో హవాయీ నుంచి తహితీ దాకా, 4,000 కిలోమీటర్లకు పైగా దూరాన్ని, హోకులేఅ అనే జంట పడవ దిక్సూచి గానీ చార్టు గానీ లేకుండా దాటింది. దారి చూపినవాడు మైక్రోనేషియాలోని సతావాల్ దీవికి చెందిన మౌ పియాయ్‌లుగ్. అప్పటికి హవాయీలో ఆ విద్య తెలిసినవారు మిగలలేదు కాబట్టి మరో దీవుల సమూహం నుంచి గురువును పిలుచుకోవలసి వచ్చింది. పడవ పేరుకు ఆనంద నక్షత్రమని అర్థం. మనం స్వాతి అని పిలిచే నక్షత్రమే అది. హవాయీ అక్షాంశంలో అది నడినెత్తిన దాటుతుంది కాబట్టి, తిరుగు ప్రయాణంలో ఆ దీవుల అక్షాంశానికి చేరామని చెప్పే గుర్తు కూడా అదే. ఒక నక్షత్రం పేరులో ఇంత భూగోళం ఇమిడి ఉందని చెప్పినప్పుడు విద్యార్థులు తలెత్తి ఆకాశం చూస్తారు.

ఈ పద్ధతికి వెన్నెముక నక్షత్ర దిక్సూచి. ఒకచోట నిలబడి చూసేవారికి ఏ నక్షత్రమైనా ఏడాది పొడవునా క్షితిజం మీద ఒకే చోట ఉదయిస్తుంది, ఒకే చోట అస్తమిస్తుంది. మారేది వేళ మాత్రమే, రోజుకు సుమారు 4 నిమిషాలు ముందుకు. క్షితిజం చుట్టూ 32 స్థానాలు గుర్తుపెట్టుకొని, ఏ నక్షత్రం ఏ స్థానంలో లేస్తుందో కంఠస్థం చేస్తే రాత్రంతా దిశ తెలుస్తుంది: ఒక నక్షత్రం పైకి వెళ్లిపోగానే అదే స్థానంలో లేచే మరో నక్షత్రం దాని పని అందుకుంటుంది. మౌ పిల్లలకు నేర్పినప్పుడు రాళ్లనూ పగడపు ముక్కలనూ నేల మీద వలయంగా పేర్చేవాడు. 32 రాళ్లు పేర్చి విద్యార్థిని నడుమ కూర్చోబెట్టడానికి ఏ బడికైనా కావలసింది ఆవరణలో కొంత చోటు, అంతే. మృగశిర ప్రాంతంలో వరుసగా కనిపించే మూడు నక్షత్రాల్లో ముందుగా ఉదయించేది దాదాపు సరిగ్గా తూర్పున లేచి పడమట దిగుతుంది. మొదలుపెట్టడానికి అంతకన్నా తేలికైన గుర్తు లేదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. భూమధ్యరేఖ దగ్గర నక్షత్రాలు నిటారుగా లేస్తాయి కాబట్టి అవి చాలాసేపు దిశ చెబుతాయి; ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ అవి ఏటవాలుగా జారుతాయి, దిశ తొందరగా మారిపోతుంది. ఉష్ణమండలానికి దూరంగా ఉన్న ఉపాధ్యాయుడు ఈ తేడాను ముందే చెప్పకపోతే విద్యార్థులు పద్ధతినే అనుమానిస్తారు.

బోధనాపరంగా నన్ను అన్నిటికంటే ఆకట్టుకునేది మైక్రోనేషియాలోని కరోలైన్ దీవుల నావికుల ఏటాక్ అనే ఊహ. అందులో పడవ కదలదు. నక్షత్రాల కింద నిలిచి ఉంటుంది. పక్కన ఎక్కడో, కంటికి కనబడనంత దూరంలో ఉన్న ఒక దీవి వెనక్కి జరుగుతూ ఒక నక్షత్ర స్థానం కింద నుంచి మరో దాని కిందికి వెళుతుంది. ఆ దీవి ఎన్ని స్థానాలు దాటిందో లెక్కపెడితే ప్రయాణం ఎంత అయిందో తెలుస్తుంది. చార్టు మనల్ని ఆకాశం మీంచి కిందికి చూడమంటుంది. ఏటాక్ మనల్ని పడవలోనే కూర్చోబెడుతుంది. ఒకే ప్రయాణాన్ని ఈ రెండు విధాలా చెప్పగలిగిన విద్యార్థికి సాపేక్ష చలనం వేరే పాఠంగా చెప్పనక్కరలేదు. తర్వాత రాడార్ తెర మీద ఇతర నౌకల కదలికను చదవడం కూడా అతడికి సులభమవుతుంది.

కెరటాల విద్య ఇంతకంటే కష్టం. మార్షల్ దీవులవారు కొబ్బరి ఈనెలను, గవ్వలను కట్టి చేసిన పటాలు దీవుల చుట్టూ కెరటాలు ఎలా వంగుతాయో, ఎక్కడ కలుసుకుంటాయో చూపిస్తాయి. వాటిని ఒడ్డున నేర్చుకునేవారు. సముద్రం మీదికి తీసుకువెళ్లేవారు కాదు. అక్కడ పడవ ఊగే తీరును ఒంటితో గ్రహించవలసిందే. దీన్ని తరగతి గదిలో అనుభవంగా ఇవ్వలేము; నీటి తొట్టెలో ఒక రాయి పెట్టి, అలలు దాని చుట్టూ వంగడం చూపించి ఆగిపోవడం మేలు. నేల దగ్గరపడిందని చెప్పే గూటి పక్షుల గురించి, దీవి మీద నిలిచిపోయే మబ్బుల గురించి కూడా అంతే.

ఈ పద్ధతికి చెల్లించవలసిన మూల్యం కాలం. దీవిని కనుగొనగల నావికుడు తయారు కావడానికి ఏళ్లు పడుతుంది, పైగా సముద్రం మీద అతడు సరిగా నిద్రపోడు. అయితే ఆ కాలాన్ని తగ్గించుకోవడానికి ఆధునిక సాధనాలను వాడుకోవడంలో తప్పేమీ లేదు: 1980లో ఉపకరణాలు లేకుండా హవాయీ నుంచి తహితీకి వెళ్లి తిరిగి వచ్చిన నైనోవా థాంప్సన్ మౌ దగ్గర నేర్చుకున్నాడు, హొనొలులులోని ప్లానిటోరియంలో కూర్చొని ఆకాశాన్ని కూడా అభ్యసించాడు. మరొక మాట తప్పక చెప్పాలి. మైక్రోనేషియాలో ఈ విద్య కుటుంబాల్లో, గురుపరంపరల్లో కాపాడుకున్నది. మౌ దాన్ని బయటివారికి నేర్పడం అతడు చేసిన పెద్ద త్యాగం. ఏ దీవివారి జ్ఞానమో, ఎవరు నేర్పారో చెప్పకుండా దీన్ని చేతిపని తరగతిగా మార్చడం అన్యాయం.

చార్టు, దిక్సూచి, లెక్క

ఒకే పద్ధతికి సమయం ఉంటే నేను దీన్నే ఎంచుకుంటాను. దీనికి ఖరీదైన సాధనమేదీ అక్కరలేదు, గణితం గుణకారం, కోణాలు దాటదు, మొదటి రోజే విద్యార్థి ఒక గీత గీసి దాని చివర గుర్తు పెడతాడు. గంటకు 6 నాటికల్ మైళ్ల వేగంతో, అంటే 6 నాట్లతో, 3 గంటలు ఒకే దిశలో వెళితే 18 మైళ్లు. ఇక్కడితో ఆగితే అది అంకగణితం. 'దిక్సూచి 5 డిగ్రీలు తప్పు చూపించి ఉంటే?' అని అడగడంతో మార్గనిర్ణయం మొదలవుతుంది. 60 మైళ్లకు 1 డిగ్రీ తప్పు సుమారు 1 మైలు పక్కకు తీసుకువెళుతుందన్న సూత్రం గుర్తుంచుకుంటే, 5 డిగ్రీల తప్పుతో 60 మైళ్లు వెళ్లిన నౌక 5 మైళ్లు పక్కన ఉంటుంది. 18 మైళ్లకు మైలున్నర. ఆ మైలున్నరలో రాళ్లున్నాయా అని చార్టు మీద వెతికించాలి.

దిక్సూచికి రెండు రకాల దోషాలుంటాయని ఇక్కడే చెప్పాలి. భూమి అయస్కాంత ఉత్తరమూ భౌగోళిక ఉత్తరమూ ఒకటి కాకపోవడం వల్ల వచ్చే తేడా చోటును బట్టి మారుతుంది, ఏళ్లు గడిచేకొద్దీ కూడా మారుతుంది. చార్టు మీద అచ్చయి ఉంటుంది. పడవలోని ఇనుము, తీగలు, చివరికి పక్కన పెట్టిన ఫోను వల్ల వచ్చే తేడా ఆ పడవకే ప్రత్యేకం. నౌక ముఖం తిరిగిన దిశను బట్టి మారుతుంది. ఈ రెండింటినీ కలపడంలో, తీసివేయడంలో విద్యార్థులు తరచుగా గుర్తులు తారుమారు చేస్తారు. సూత్రం బట్టీ పట్టించే బదులు ప్రతిసారీ చిన్న బొమ్మ వేయించడం నయం.

వేగాన్ని కొలవడం చరిత్రతో కలిపి నేర్పదగినది. నాట్ అంటే ముడి. పూర్వం చెక్క పలక కట్టిన తాడును వెనక నీటిలోకి వదిలి, ఇసుక గడియారం ఖాళీ అయ్యేలోపు ఎన్ని ముళ్లు చేతిలోంచి జారాయో లెక్కించేవారు. ముడికీ ముడికీ మధ్య 47 అడుగుల 3 అంగుళాలు, గడియారం 28 సెకన్లు. ఈ రెండు అంకెలిచ్చి, నాటికల్ మైలు 1,852 మీటర్లని చెప్పి, ఒక ముడి గంటకు ఒక మైలు ఎలా అవుతుందో విద్యార్థులనే తేల్చమనండి. ఆ లెక్క పొసగినప్పుడు వాళ్ల ముఖాల్లో కనిపించే సంతోషం కోసమైనా ఈ పాఠం చెప్పాలి.

దీని లోపం దాచిపెట్టకూడదు: ప్రవాహం తెలియకపోతే లెక్క ఎంత శుభ్రంగా ఉన్నా జవాబు తప్పే. తప్పు పోగుపడుతూ ఉంటుంది, తనంతట తాను తగ్గదు. అందుకే దీనికి సాక్షిగా మరో పద్ధతి కావాలి.

సెక్స్‌టెంట్, దానికి ముందు కమాల్

ఖగోళ పద్ధతిని నేరుగా సెక్స్‌టెంట్‌తో మొదలుపెట్టడం పొరపాటని నేననుకుంటాను. హిందూ మహాసముద్రంలో అరబ్బు నావికులు వాడిన కమాల్‌తో మొదలుపెట్టండి. అది నడుమ దారం కట్టిన చిన్న పలక, దారానికి ముళ్లుంటాయి. ముడిని పళ్ల మధ్య పట్టుకొని, దారం బిగువుగా ఉండేలా పలకను ముందుకు చాచి, కింది అంచు క్షితిజాన్ని, పై అంచు ధ్రువ నక్షత్రాన్ని తాకితే ఆ ముడికి చెందిన రేవు అక్షాంశంలో ఉన్నట్టు. తర్వాత అదే అక్షాంశం మీద తూర్పుకో పడమటికో వెళ్లడమే. అట్టముక్కతో దీన్ని ఎవరైనా చేసుకోవచ్చు. ధ్రువ నక్షత్రం ఎత్తే దాదాపుగా మన అక్షాంశమన్న సత్యం చేతితో చేసి చూసినప్పుడు నిలిచిపోతుంది. దక్షిణార్ధగోళంలో ధ్రువ నక్షత్రం కనబడదు. అక్కడ నడినెత్తిన దాటే నక్షత్రాలతోనో, మధ్యాహ్న సూర్యుడి నీడతోనో ఈ పాఠం చెప్పుకోవాలి. అట్ట ఉపకరణంతో సూర్యుడిని మాత్రం ఎన్నడూ చూడనివ్వకూడదు.

ఈ కొలతల్లో 1 డిగ్రీ తప్పితే 60 నాటికల్ మైళ్లు తప్పినట్టే. అట్ట కమాల్‌తో ఒకటి రెండు డిగ్రీల తేడా రావడం మామూలు కాబట్టి, విద్యార్థి తన వలయాన్ని వంద మైళ్ల మేర గీయవలసి వస్తుంది. సెక్స్‌టెంట్ ఎందుకు పుట్టిందో అప్పుడు వేరే వివరించనక్కరలేదు. డిగ్రీలో అరవయ్యో వంతు కోణీయ నిమిషం. పంచాంగ గణితంలో దీన్నే కళ అంటారు. సెక్స్‌టెంట్ దాన్ని కూడా చదవగలదు, ఒక కళ ఒక మైలుకు సమానం.

మధ్యాహ్న అక్షాంశం ముందు నేర్పాలి. సూర్యుడు గరిష్ఠ ఎత్తుకు చేరినప్పుడు, దిద్దుబాట్లన్నీ చేశాక 68 డిగ్రీల 20 నిమిషాలు వచ్చిందనుకుందాం. దాన్ని 90 నుంచి తీసివేస్తే 21 డిగ్రీల 40 నిమిషాలు. ఆ రోజు సూర్యుడి క్రాంతి, అంటే భూమధ్యరేఖ నుంచి సూర్యుడు ఎన్ని డిగ్రీలు పక్కన ఉన్నాడన్నది, ఉత్తరంగా 10 డిగ్రీల 10 నిమిషాలని నావికా పంచాంగం చెబితే, సూర్యుడికి ఉత్తరాన ఉన్న మనం రెండింటినీ కూడితే 31 డిగ్రీల 50 నిమిషాల ఉత్తర అక్షాంశం. ఒక తీసివేత, ఒక కూడిక. దిద్దుబాట్లలో కంటి ఎత్తు వల్ల వచ్చేదాన్ని విద్యార్థులు మరిచిపోతారు. నీటికి 2 మీటర్ల ఎత్తున ఉన్న కంటికి క్షితిజం సుమారు రెండున్నర నిమిషాలు కిందికి దిగి కనబడుతుంది, అంటే మరిచిపోతే రెండున్నర మైళ్ల తప్పు.

రేఖాంశానికి కావలసింది సమయం. భూమి 4 నిమిషాల కాలంలో 1 డిగ్రీ తిరుగుతుంది. గడియారం 4 సెకన్లు తప్పితే భూమధ్యరేఖ దగ్గర 1 మైలు తప్పు. 1714లో బ్రిటిష్ పార్లమెంటు రేఖాంశ సమస్యకు బహుమతి ప్రకటించడం, జాన్ హారిసన్ చేసిన గడియారాన్ని 1761లో జమైకా ప్రయాణంలో పరీక్షించడం ఈ ఒక్క లెక్క చుట్టూ జరిగిన కథే. నక్షత్రాలతో పూర్తి స్థానం తేల్చే పద్ధతికి మాత్రం వారాల సాధన అవసరం. ఆ వ్యవధి లేకపోతే మధ్యాహ్న అక్షాంశంతో ఆపేయండి. సగం నేర్చిన పట్టికల గణితం ఆత్మవిశ్వాసాన్ని చెడగొడుతుంది.

సముద్రం దగ్గర లేనివారు వెడల్పాటి పళ్లెంలో నూనె పోసి (కృత్రిమ క్షితిజమంటే ఇదే), అందులోని ప్రతిబింబానికీ అసలు సూర్యుడికీ మధ్య కోణాన్ని సెక్స్‌టెంట్‌తో కొలిచి, సగం చేసుకోవచ్చు. సూర్యుడి వైపూ ప్రతిబింబం వైపూ రెండు చోట్లా నల్లటి అద్దాలు దించిన తర్వాతే కన్ను పెట్టాలి. దాన్ని ప్రతిసారీ ఉపాధ్యాయుడే సరిచూడాలి.

ఎలక్ట్రానిక్ పద్ధతి

బొత్తాం నొక్కడం నేర్పడానికి అరగంట చాలు కాబట్టి ఇది తేలికైన పాఠమని అనుకుంటారు. నిజానికి బాగా నేర్పడానికి కష్టమైనది ఇదే. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల్లో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే, పరికరం స్థానాన్నీ తన గడియారం తప్పునూ కలిపి తేలుస్తుంది. 2000 మే నెలలో పౌర సంకేతంలో ఉద్దేశపూర్వకంగా కలిపిన దోషాన్ని తొలగించినప్పటి నుంచి కొన్ని మీటర్ల కచ్చితత్వం అందరికీ దొరికింది. బోధించవలసింది ఆ కచ్చితత్వం ఎప్పుడు అబద్ధమవుతుందో.

మూడు సందర్భాలు చాలు. సంకేతం పోయినా తెర మీద స్థానం కదులుతూనే ఉండటం; రాయల్ మెజెస్టీ కథ అదే. సంకేతమే నకిలీదై ఉండటం. 2017 జూన్‌లో నల్ల సముద్రంలో 20కి పైగా నౌకల పరికరాలు వాటిని నేల మీదున్న విమానాశ్రయంలో చూపించాయి. స్థానం సరిగ్గా ఉండి, చార్టును చదవడంలో పొరపాటు జరగడం. 2014 నవంబరులో ప్రపంచ ప్రదక్షిణ పందెంలో ఉన్న టీమ్ వెస్టాస్ విండ్ పడవ హిందూ మహాసముద్రంలోని కార్గాడోస్ కారజోస్ పగడపు దిబ్బలను ఢీకొన్నది అందుకే. ఎలక్ట్రానిక్ చార్టును దూరం చేసి చూసినప్పుడు ఆ దిబ్బల వివరం కనబడదు. దగ్గరగా తెచ్చి చూస్తే కనబడుతుంది. కాగితపు చార్టు మీద వేలు పెట్టి దారంతా నడిపించే అలవాటును తెర మీద కూడా చేయించాలి. ఇతర నౌకలను చూపించే ఏఐఎస్ విషయంలో ఒక్క వాక్యం సరిపోతుంది: ప్రసారం చేసేవారే అందులో కనబడతారు.

ఎవరికి ఏది

సముద్రానికి దూరంగా, పది పన్నెండు తరగతులు మాత్రమే దొరికే బడి ఉపాధ్యాయుడు రాళ్ల నక్షత్ర దిక్సూచి, డెడ్ రెకనింగ్, అట్ట కమాల్ ఎంచుకోవాలి. సెక్స్‌టెంట్ కొనవద్దు; ఆ వ్యయంతో పిల్లలను రెండు రాత్రులు చీకటి ఆకాశం కిందికి తీసుకువెళ్లవచ్చు.

నౌకాధికారి శిక్షణ పొందుతున్నవారి విషయంలో ఎంపిక పరిమితం. నావికుల శిక్షణ ప్రమాణాలపై 1978లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందం, 2010 మనీలా సవరణల తర్వాత కూడా, ఎలక్ట్రానిక్ చార్టుతో పాటు ఖగోళ పద్ధతినీ కోరుతుంది. అమెరికా నౌకాదళ అకాడమీ కొన్నేళ్లు మానేసిన ఖగోళ బోధనను 2015లో మళ్లీ మొదలుపెట్టింది. అక్కడి ఉపాధ్యాయుడు తేల్చుకోవలసింది వరుసను మాత్రమే. సిమ్యులేటర్ కంటే ముందు కాగితపు చార్టు ఉండాలని నేను గట్టిగా చెబుతాను. పసిఫిక్ పద్ధతిని కూడా వారికి రెండు గంటలు పరిచయం చేయండి. పరీక్షలో రాకపోయినా, గస్తీలో కిటికీ బయటికి చూడటం అలవాటవుతుంది.

చిన్న తెరచాప పడవలు నేర్పేవారి పరిస్థితి వేరు. వారి విద్యార్థులు రేపే నీటి మీదికి వెళతారు. భద్రత కోసం జీపీఎస్, రేడియో మొదటి రోజే నేర్పక తప్పదు. దానితో పాటే చార్టు, దిక్సూచి. సెక్స్‌టెంట్ మహాసముద్రం దాటాలనుకునేవారికి మాత్రమే నేర్పితే చాలు.

తమ పూర్వీకుల సముద్ర విద్యను తిరిగి నిలబెట్టుకోవాలనుకునే సమాజాలకు ఈ కొలమానాలు సరిపోవు. అక్కడ ముందు పెద్దలు నేర్పాలి. చార్టు, ఉపగ్రహం ఆ విద్యకు తోడుగా వస్తాయి. మిగిలినవారికి నేను చెప్పిన వరుసను వారు తిరగేసినా తప్పులేదు.

కలిపి నేర్పేటప్పుడు తెర మూసిన అభ్యాసం

పద్ధతులను ఒకదాని తర్వాత ఒకటి చెప్పి వదిలేస్తే అవి వేర్వేరు పెట్టెల్లో ఉండిపోతాయి. వాటిని కలిపే అభ్యాసం ఒకటుంది. 1976 ప్రయాణంలో హోకులేఅ వెంట మరో పడవ వెళ్లింది. అది తన స్థానాన్ని నమోదు చేసుకుంటూనే, ఆ సంగతి దారి చూపేవారికి చెప్పలేదు. అదే ఏర్పాటు చిన్న శిక్షణ పడవలోనూ చేయవచ్చు. జీపీఎస్ తెర బోధకుడి ఎదుట మాత్రమే ఉంటుంది. ప్రమాదం దగ్గరపడితే తప్ప అతడు నోరు విప్పడు. విద్యార్థులు అరగంటకొకసారి తమ స్థానాన్ని చార్టు మీద గుర్తించి, దాని చుట్టూ వలయం గీసి, ఆ వలయం అంతే ఎందుకో పక్కన ఒక వాక్యం రాస్తారు. సముద్రం లేనిచోట పెద్ద మైదానంలో అడుగులు లెక్కపెడుతూ, చేతి దిక్సూచితో ఇదే చేయవచ్చు.

చివర తెర తెరిచినప్పుడు మార్కులు స్థానానికి కాక వలయానికి వేయండి. అసలు స్థానం వలయం లోపల ఉంటే, ఆ వలయం ఎంత చిన్నదైతే అన్ని మార్కులు. అసలు స్థానం వలయం బయట పడితే, గుర్తు ఎంత దగ్గరగా ఉన్నా సున్నా. ఈ నియమాన్ని ముందే చెప్పండి. మొదటిసారి చాలామంది అతి చిన్న వలయం గీసి సున్నా తెచ్చుకుంటారు. రెండోసారి భయపడి చార్టంతా కప్పేస్తారు. మూడోసారికి ఎవరో ఒకరు తల ఎత్తి, 'గాలి మారింది కాబట్టి పడమటి వైపు కొంచెం పెంచుతాను' అంటారు. తర్వాతి పాఠం సెక్స్‌టెంటా, రాడారా అన్నది ఆ రోజు నిర్ణయించుకోవచ్చు.